పరుపుల చిన్నమ్మ మా ఇంట్లో తిన్న పూట

ఈ క్రిస్మస్‌కు ఏమీ పెట్టుకోవద్దనే అనుకున్నాను. మోకాళ్ళు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. చర్చికి పోయివచ్చి, ఇంత చారన్నం తిని పడుకుందామని ఉండింది. కొడుకు ఊరుకోలేదు. "ఏదో ఇంత ఉడకేయి మా, నేనూ నీ కోడలే గదా వచ్చేది" అన్నాడు. ఏదో ఇంత ఉడకేయడమంటే ఏమిటో వాడికి తెలియదు, వాడి తండ్రి కూడా అది తెలుసుకోకుండానే పోయాడు. నంద్యాలలో నేనుండే ఈ అద్దె ఇంట్లో వంటగది ఎంతంటే, ఒకరు నిలబడితే ఇంకొకరు లోపలికి రాలేరు. పొద్దుటి నుంచి అందులో ఉల్లిపాయలు, అల్లం, కొత్తిమీర, నేను. నర్సు ఉద్యోగంలో ముప్పొద్దులా నిలబడి అరిగిపోయిన కాళ్ళు, పొయ్యి ముందర ఇంక నిలబడలేమంటున్నాయి.

కూరకు మసాలా వేస్తుండగా వాడే మళ్ళీ ఫోన్ చేశాడు.

"మా, ఇంకొకామె కూడా వస్తాంది. మా ఆఫీసులో పనిచేస్తాది, సాయిబుల పాప. చికెన్ యాడ తెచ్చినావ్?"

"మసీదు సందులో అంగడి లేదా, ఆడ."

"ఐతే హలాలే. సరే, పెడతాండా."

అంతే, తేలిపోయింది. అంగడి బోర్డు మీదనే రాసి ఉంటుంది, అడిగే పని కూడా లేదు. నేను గరిటె పట్టుకునే కుర్చీలో కూలబడ్డాను. ఇదే సంగతి ఒక పండుగ పూట మా అమ్మను ఎంత తిప్పలు పెట్టిందో గుర్తొచ్చి మొదట నవ్వొచ్చింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అమ్మ ఆనాడు ఎంత అలిసిపోయి ఉందో, ఆ వయసు దాటి వచ్చాక గాని నాకు తెలియలేదు.

మా ఊరు ఆళ్ళగడ్డకూ కోయిలకుంట్లకూ నడుమ, బస్సులు పోయే రోడ్డు పక్కనే ఉండేది. నల్లరేగడి నేల. వాన పడితే చెప్పులు చేతిలో పట్టుకుని నడవాల్సిందే. నాయన ఊళ్ళోని మిషన్ బడిలో పంతులు. అమ్మ ఏ బడికీ పోలేదు. గుత్తకు పట్టిన శనగ చేను, పాడి బర్రె, ఇల్లు, నేను, తమ్ముడు, మా నాయనమ్మ, అన్నీ ఆమె నెత్తినే ఉండేవి. నాయనమ్మను మేం జేజి అనేవాళ్ళం. జేజికి పళ్ళు పోయాయి గాని నోరు పోలేదని నాయన అనేవాడు, ఆమె వినకుండా.

మా ఇంటి వెనక సందులో పరుపులు కుట్టే దూదేకుల వాళ్ళుండేవాళ్ళు. ఆయన దూది ఏకుతుంటే విల్లు మోత మా పెరట్లోకి వినిపించేది. ఆయన కనుబొమల మీద ఎప్పుడూ దూది అంటుకునే ఉండేది. ఆయన భార్యను మేం పరుపుల చిన్నమ్మ అని పిలిచేవాళ్ళం. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకు జ్వరం తగిలి పాలు పడలేదట. అదే నెలలో కాన్పయిన చిన్నమ్మ, తన బిడ్డతో పాటు వాడికీ పాలిచ్చి బతికించింది. గోడ మీదుగా బిడ్డను అందిస్తే, కడుపు నిండాక మళ్ళీ గోడ మీదుగా అందించేదని జేజి చెప్పేది.

ఇంత చేసిన మనిషి మా ఇంట్లో ఏనాడూ ఒక ముద్ద తినలేదు. ఆమెకు ఇష్టం లేక కాదు. మిగతా కులాలవాళ్ళు మా ఇళ్ళలో నీళ్ళు కూడా తాగని ఊరు మాది. నాయనను పంతులూ అని మర్యాదగానే పిలిచేవాళ్ళు, పిల్లలకు చదువు చెప్పించుకునేవాళ్ళు, మా గడప దగ్గర మాత్రం ఏదీ నోట్లో పెట్టుకునేవాళ్ళు కాదు. చిన్నమ్మ అత్తకు ఆ పట్టింపు ఇంకొంచెం ఎక్కువ. రంజానుకు వాళ్ళింటి నుంచి మాకు సేమ్యా పాయసం వచ్చేది. మా పండుగకు అమ్మ పంపిన కర్జికాయలను మాత్రం ఆ ముసలామె మా కళ్ళముందరే సందులో ఆడుకునే పిల్లలకు పంచేసేది. అమ్మ చూసీ చూడనట్టు వచ్చేసేది. ఇంటికొచ్చాక ఆ పూట ఎవరితోనూ మాట్లాడేది కాదు.

నేను చెప్పే ఆ సంవత్సరం ముసలామె పోయింది. పరుపుల పని కూడా పోయింది. జనం పట్నంలో రెడీమేడ్ పరుపులు కొనుక్కోవడం మొదలుపెట్టారు. చిన్నమ్మ వాళ్ళు ప్యాపిలిలో ఆమె పుట్టింటివాళ్ళ పక్కన బతుకుదామని ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆమె భర్త సామానుతో ముందే వెళ్ళిపోయాడు. చిన్నమ్మ, బిడ్డ పండుగనాటి సాయంత్రం బస్సుకు పోవాలి. ఆ సంగతి వినగానే అమ్మ గోడ దగ్గరికి పోయింది.

"పోయేలోపల మా ఇంట్లో ఒక్కపూట తినిపో మే. బిడ్డకు పాలిచ్చినావు, నా చేత్తో నీకు ఒక ముద్ద పెట్టుకోలేకపోయినా. నాకు ఆ కొరత పెట్టి పోవాకు."

"వస్తా లే అక్కా. పండగనాడే వస్తా, తినే బస్సెక్కుతా. కోడిని మాత్రం మా ముల్లాతో కోయించు, సాలు" అన్నది చిన్నమ్మ.

మా వైపు ఇది అందరికీ తెలిసిన పద్ధతే. ఇంటికి ముసల్మానులు తినడానికి వస్తున్నారంటే, కోడినైనా పొట్టేలునైనా ముల్లా వచ్చి బిస్మిల్లా చెప్పి కోయాలి. లేకపోతే వాళ్ళు ముట్టరు. నాయన పోయి ముల్లా సాయిబుకు చెప్పి వచ్చాడు. ఆ రోజు శుక్రవారం. మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి, మా చర్చి వదలగానే వచ్చి కోసిచ్చి పోతానన్నాడాయన.

అమ్మ ఆ వారమంతా నడుం వాల్చినట్టు నాకు గుర్తులేదు. గోడలకు సున్నం కొట్టింది. పగలు చేనికి పోయి వచ్చి, సాయంత్రాలు కర్జికాయలు, నిప్పట్లు వండింది. నూనె వాసన, సున్నం వాసన, కొత్త గౌను గంజి వాసన కలిసి ఇల్లంతా పండుగలా ఉండేది. డబ్బాలోని కర్జికాయలకు జేజి కాపలా కాసేది. జేజి కునుకు తీసినప్పుడల్లా నేనూ తమ్ముడూ ఆ డబ్బా బరువు తగ్గిస్తుండేవాళ్ళం. పండుగ ముందు రోజు పాటలు పాడేవాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు, వాళ్ళందరికీ టీ కాచింది అమ్మే. తెల్లవారేసరికి ఆమె కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయి. ఐనా సంతోషంగానే ఉండింది. కోడి కూరకని సంతలో కొన్న కొత్త కుండను కడిగి బోర్లించింది. తను పెంచిన ఎర్రపుంజును పెరట్లో కట్టేసింది. "ఇంగ ముల్లా వచ్చి కోస్తే, పొయ్యి మింద పెట్టేది నిమిషం పని" అన్నది.

చర్చిలో ఆ రోజు అయ్యగారు ప్రసంగం ఎంతకూ ముగించలేదు. రంగు కాగితాల దండల కింద చాప మీద కూర్చుని అమ్మ ముందుకు జరిగేది, వెనక్కి జరిగేది. నిద్రతో తల వాలిపోతుంటే చెంగుతో ముఖం తుడుచుకునేది. అయ్యగారు బేత్లెహేము దాకా వచ్చి మళ్ళీ ఏదెను తోటకు వెనక్కి పోయినప్పుడు "అయ్యో దేవా" అన్నది. అది ప్రార్థనే అనుకుని పక్కనున్న ఆమె "ఆమెన్" అన్నది.

చర్చి వదిలాక గబగబా నడిచి వస్తుంటే, మా సందు మొదట్లోనే ఈకలు కాల్చిన వాసన వచ్చింది. తమ్ముడు "కూర" అని ఎగిరాడు. అమ్మ నడక ఆగింది.

పెరట్లో మా మామ ఉన్నాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు, కోయిలకుంట్లలో ఉంటాడు. మేం చర్చిలో ఉండగా బస్సు దిగి వచ్చాడట. చర్చికి రాకుండా ఇంటికే నేరుగా రావడం ఆయనకు మొదటి నుంచీ అలవాటే. లుంగీ ఎగ్గట్టి, చేతులకు పసుపు పూసుకుని, కొత్త కుండలో కూర కలుపుతున్నాడు. మమ్మల్ని చూడగానే ముఖం ఇంత చేసుకుని నవ్వాడు.

"వచ్చినావా అక్కా. నువ్వొచ్చి మళ్ళా కష్టపడతావని అంతా నేనే చేసేసినా. కోసినా, కాల్చినా, మసాలా నూరినా. ఇంగ అన్నం ఒకటి వండుకుంటే అయిపాయె."

అమ్మ అరవలేదు. అరిచి ఉంటే మామకే బాగుండేది. గడప మీద కూర్చుండిపోయింది.

"ముల్లా సాయిబు వచ్చినాడా?" అని మెల్లగా అడిగింది.

"ముల్లా ఎందుకు వస్తాడు? నేనే కోసినా."

నాయన తల పట్టుకున్నాడు. చిన్నమ్మ తినడానికి వస్తున్నదని చెప్పాడు. మామ ముఖం పాలిపోయింది. పద్ధతి ఆయనకు తెలియక కాదు, వచ్చేది ఎవరో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"ప్రార్థన చేసుకొనే కోసినా బావా. యేసయ్య పేరు చెప్పకుండా నేను కత్తి ముట్టను గదా" అన్నాడు చిన్నపిల్లవాడిలా.

అంతలో ముల్లా సాయిబు రానే వచ్చాడు, గుడ్డలో చుట్టిన కత్తి చంకలో పెట్టుకుని. గడప అవతల నిలబడి పెరట్లో ఈకలు చూశాడు, మామ చేతుల పసుపు చూశాడు. పెద్దమనిషి, ఎవరినీ ఏమీ అనలేదు.

"ఇంగో కోడి ఉంటే చెప్పు పంతులూ. జుమ్మాకు పోతాండా. పోయేలోపల బేగా కోసిస్తా."

నాయన చొక్కా కూడా మార్చుకోకుండా కోడి కోసం పరుగెత్తాడు. క్రిస్మస్ నాడు మా వాళ్ళ ఇళ్ళలో కోళ్ళన్నీ అప్పటికే కుండల్లో ఉన్నాయి. మిగతా ఇళ్ళవాళ్ళు శుక్రవారం పూట ఇంట్లోని ప్రాణిని బయటికి ఇవ్వలేమన్నారు. ఒకామె గుడ్లు పెట్టే పెట్టనిస్తే మళ్ళీ ఎట్లా అన్నది. నాయన వీపుకు అంటుకుపోయిన చొక్కాతో వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. ముల్లా సాయిబు ఆకాశం వైపు పొద్దు చూసుకుని, అమ్మకు సలాం చెప్పి మసీదుకు వెళ్ళిపోయాడు.

అప్పుడు జేజి తన మాట చెప్పింది.

"చెప్పకుంటే పాయె గదా మే. ఉడికిన ముక్క లేచి వచ్చి చెప్తాదా, నన్ను ఫలానావాడు కోసినాడని?"

నాకూ తమ్ముడికీ ఆ మాట ఎంతో న్యాయంగా తోచింది. అమ్మ తల ఎత్తింది.

"బిడ్డకు తన రొమ్ము పాలిచ్చిన మనిషి అత్తా. ఆమెకు పనికిరానిది నా చేత్తో ఆమె నోట్లో పెట్టమంటావా?"

జేజి నోరు మూసుకుంది. జేజి నోరు మూసుకోవడం నేను చూసింది అదే మొదలు.

"ఆమెకు పప్పు చేయి, మనం ఇది తిందాం" అన్నాడు నాయన.

"ఆమె ముందర కూసోని తినేదా? మొట్టమొదటిసారి మన ఇంట్లో కూసుంటాంది. మనం ముక్కలు తింటా ఆమెకు పప్పు పోసేదా?" అని అమ్మ మామ వైపు తిరిగింది. "ఆ కుండ ఎత్తుకోని మీ ఇంటికి పో. ఆమె వచ్చేటప్పటికి వాసన కూడా ఈడ ఉండగూడదు."

మామ ఉడికిన కూర కుండను తువ్వాలలో చుట్టుకుని, పండుగపూట అన్నమైనా తినకుండా బయలుదేరాడు. తమ్ముడు నేల మీద పడి ఏడ్చాడు. నాకు అమ్మ మీద పట్టలేనంత కోపం వచ్చింది. కోడి కూర తినేదే మేం ఎప్పుడో ఒకప్పుడు, అది కూడా కళ్ళముందర నడిచిపోతోంది. అమ్మ మా ఇద్దరినీ చూసి, "పోయి చేన్లో శనగాకు గిల్లుకోని రాండి. లేతది చూసి గిల్లండి" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు, ఓపిక కూడా లేదు.

చేను రోడ్డు పక్కనే. శనగ చెట్లు అప్పుడే పూతకు వస్తున్నాయి. శనగాకు మీద ఒక పులుపు ఉంటుంది, గిల్లుతుంటే వేళ్ళకు అంటుకుంటుంది. పొద్దున్నే మంచులో ఐతే చీర కుచ్చిళ్ళు కూడా పుల్లగా అయిపోతాయి. నేను గిల్లడం, వేళ్ళు నాకడం, అమ్మను తిట్టుకోవడం, మళ్ళీ గిల్లడం. తమ్ముడు ఎక్కిళ్ళు పెడుతూనే ఒడిలో ఆకు నింపాడు.

ఆకు తీసుకుని రోడ్డెక్కితే మోరీ గట్టు మీద మామ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కుండ. పండుగ కదా, బస్సు ఇంకా రాలేదు. మమ్మల్ని చూసి ఇటూ అటూ చూశాడు.

"ఒక్కొక్క ముక్క తింటారా? మీ అమ్మకు చెప్పాకండి."

చెప్పే తెలివితక్కువ వాళ్ళం కాదు మేం. రోడ్డు మీద నిలబడి, కారం ఊదుకుంటూ, శనగాకు పులుపు అంటిన వేళ్ళతో తిన్నాం. మామ వంట బాగా చేస్తాడు. ధనియాలు, కొబ్బరి వేయించి నూరిన ఘాటు, ఊరి కోడి ముక్క గట్టిదనం ఇప్పటికీ నా నాలుక మీద ఉన్నాయి. మామ మాత్రం ముట్టలేదు. "మీ అమ్మ చానా బాధపడిందా?" అని అడిగాడు. నేను ఎముక చప్పరిస్తూ తల ఊపాను.

సరిగ్గా అప్పుడే పరుపుల చిన్నమ్మ బిడ్డను నడిపించుకుంటూ ఎదురు వచ్చింది. ఊరు విడిచిపోతున్నది కదా, రోడ్డవతల దర్గాకు పోయి మొక్కుకుని వస్తోంది. ఆమె దగ్గర ఊదు వాసన. మా దగ్గర కూర వాసన. దాచడానికి లేదు.

"ఏందీ, పండగనాడు రోడ్డు మింద తింటాండారు? అన్నా, నువ్వేంది కుండ ఎత్తుకోని యాడికి పోతాండావ్?"

మామ గొంతు సవరించుకునేలోపల తమ్ముడు అంతా చెప్పేశాడు. మామ కోసిందీ, ముల్లా వచ్చి పోయిందీ, నాయన కోడి కోసం తిరిగిందీ, జేజి చెప్పవద్దన్నదీ, అమ్మ ఒప్పుకోనిదీ, ఏదీ వదల్లేదు. చిన్నమ్మ మొదట పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, తమ్ముడి మూతికంటిన కారం తన చెంగుతో తుడిచింది.

"ఆ కుండ ఇట్లియ్యి అన్నా."

మామ వెనక్కి జరిగాడు. "వద్దు మా, నువ్వు ముట్టకూడదేమో."

"ముట్టుకుంటే నాకేం కాదు లే, తింటే గదా. ఇయ్యి. నువ్వూ రా ఇంటికి."

కుండను చంకనెత్తుకుని ఆమె ముందర నడిచింది. వెనక మామ, ఆ వెనక మేము. అంతలో ఇంకో సందులోంచి ఆకు కోసం మమ్మల్ని వెతుక్కుంటూ నాయన వచ్చాడు. మా చేతుల్లోని ఆకు లాక్కుని, ఇంకేమీ చూడకుండా మాకంటే ముందే ఇంటికి పరుగెత్తాడు. మేం మాత్రం ఊరేగింపులా పోయాం. దారిలో చిన్నమ్మ ఇద్దరు ముగ్గురితో మాట్లాడింది, పోయివస్తానని చెప్పింది. ఎక్కడికి పోతున్నావని ఒకామె అడిగితే, "పంతులు వాళ్ళింటికి, అన్నానికి" అన్నది. అందరికీ వినిపించేట్టే అన్నది.

మేం పోయేసరికి అమ్మ పప్పుగుత్తితో శనగాకు పప్పు ఎనుపుతోంది. పొగతో కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. ఎనిపిన తర్వాత ఉప్పు వేయడం ఆమె పద్ధతి. తల ఎత్తి చూస్తే గడపలో చిన్నమ్మ, ఆమె చంకలో ఆ కుండ. అమ్మ పప్పుగుత్తి వదిలేసి లేచి నిలబడింది.

"అది నీకు పనికిరాదు మే" అన్నది.

"తెలుసు లే అక్కా. నాకు పనికిరాకుంటే పిల్లోల్లకు పనికిరాదా? వీడు నా పాలు తాగినాడు. వీడి నోటికాడ కూర తీసేసి నువ్వు నాకు అన్నం పెడితే, అది నా గొంతు దిగుతాదా?"

చిన్నమ్మ కుండ దించి, మా ఇద్దరినీ, తన బిడ్డనూ కూర్చోబెట్టింది. బిడ్డకు పాలన్నం అమ్మతో పెట్టించి, మాకు తానే గరిటెతో కోడి కూర వడ్డించింది. నాయనకూ మామకూ పంచలోకి పంపింది. జేజికి మెత్తటి ముక్కలు ఏరి వేసింది. తన నోటికి పనికిరాని కూరను అంత ప్రేమగా వడ్డించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తర్వాత పెరట్లోకి పోయి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, అమ్మ పరిచిన కంబళి మీద కూర్చుంది.

అమ్మ ఆమెకు విస్తరి వేసింది. అన్నం పెట్టింది, పప్పు పోసింది, నెయ్యి వేసింది, చల్ల మిరపకాయలు వేయించి పక్కన పెట్టింది. హడావిడిలో మెతుకులు కంబళి మీద పడ్డాయి. "తిను మే. మజ్జిగ తెస్తా" అని పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది, దుత్తలో మజ్జిగ కలపడానికి. కవ్వం ఒకటి రెండుసార్లు తిరిగిన చప్పుడు వినిపించింది, ఆగిపోయింది. చూస్తే అమ్మ నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చేతిలో కవ్వం అట్లాగే పట్టుకుని.

చిన్నమ్మ ఇంకా మొదటి ముద్ద కూడా పెట్టుకోలేదు. జేజి "మే, మే" అని లేపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"లేపాకు అత్తా. ఎన్నాళ్ళాయెనో ఆమె పండుకోని. పండుకోనీ."

చప్పుడు కాకుండా తిన్నది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ఒక క్షణం ఆగింది, అమ్మ వైపు చూసింది, మళ్ళీ తిన్నది. విస్తరి ఖాళీ అయ్యాక నన్ను చూసి కళ్ళతోనే పప్పు అడిగింది. నేను పోయి పోశాను. గరిటె అంచుకంటిన పప్పు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. చప్పగా, వట్టి శనగాకు పులుపు. నేను నోరు తెరవబోయేసరికి చిన్నమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుంది.

రెండోసారి పోసిన పప్పు కూడా ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నది. లేచి చేయి కడుక్కుంది. ఉప్పు జాడీలోంచి ఇంత ఉప్పు తీసి పప్పు కుండలో వేసి, చప్పుడు కాకుండా కలిపి మూత పెట్టింది. తన విస్తరి తానే ఎత్తుకుంది, జేజి వద్దన్నా వినలేదు. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. చిన్నమ్మ అమ్మ ముందర వంగి, చేతిలోంచి కవ్వం మెల్లగా తీసి పక్కన పెట్టింది. తమ్ముడిని ఒకసారి ఎత్తుకుని దించింది. జేజి కట్టిచ్చిన కర్జికాయల మూట తీసుకుని, బిడ్డ చేయి పట్టుకుని వెళ్ళిపోయింది.

అమ్మ దీపాలు పెట్టే వేళకు లేచింది. లేస్తూనే "మజ్జిగ" అన్నది. ఖాళీ కంబళి చూసింది. సంగతి అర్థమయ్యాక అరచేత్తో నేల మీద కొట్టుకుని ఏడ్చింది.

"నన్ను లేపకూడదా మీరు! నా ఇంట్లో ఆమె తినేది నేను చూడకపోతినే!"

మేం భయపడి మూలకు నక్కాం. నాయన వచ్చి ఏదేదో చెప్పాడు. అమ్మ ఏడుపు ఆపుకుని నా వైపు తిరిగింది.

"తినిందా?"

"తినింది మా."

"మళ్ళా పెట్టించుకొనిందా?"

"పెట్టించుకొనింది. నేనే పోసినా."

అమ్మ లేచి పప్పు కుండ దగ్గరికి పోయింది. మూత తీసి, కాస్త అరచేతిలో వేసుకుని నాకి చూసింది. "ఉప్పు సరిపోయిండాది" అన్నది. అప్పటికి ఆమె ముఖం తేటపడింది.

ప్యాపిలి ఏమంత దూరం కాదు. ఐనా వాళ్ళు మళ్ళీ రాలేదు, మేం పోనూ లేదు. ఎవరి బతుకు బాధ వాళ్ళది. చిన్నమ్మ ఇప్పుడు ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఆ ఊళ్ళో మా ఇల్లు లేదు, చేనుకు గుత్తదారులు ఎందరు మారారో తెలియదు. నాయన, జేజి, మామ ఒకరి తర్వాత ఒకరు పోయారు. అమ్మ చివరి రోజుల్లో నంద్యాలలో నా దగ్గరే మంచం పట్టింది. డ్యూటీ నుంచి వచ్చి పక్కన కూర్చుంటే, చాలా సంగతులు మరిచిపోయిన మనిషి ఇది మాత్రం అడిగేది.

"ఆమె బాగా తినిందా పాపా?"

"తినింది మా."

"మళ్ళా పెట్టించుకొనిందా?"

"పెట్టించుకొనింది."

"పప్పులో ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది మా."

ఆ మాట వింటే ఆ పూటకు ఆమెకు నిద్ర పట్టేది. నిజం చెప్దామని నాకు చాలాసార్లు అనిపించింది. చెప్పి ఉంటే అమ్మ ఇంకా సంతోషపడేదేమో కూడా. కానీ చిన్నమ్మ వద్దన్నది, నేను ఆ మాట దాటలేకపోయాను. అమ్మ పోయి కూడా ఎన్నో ఏళ్ళయింది. ఇంక దాచి ఎవరికోసం? ఆ రోజు పప్పులో నువ్వు ఉప్పే వేయలేదమ్మా. ఆమె అదే మళ్ళీ పెట్టించుకుని తిన్నది.